మోటారును కాపాడవలెనా, ఓడను కాపాడవలెనా?

(యౌవనస్థుల కూటమిలో చేసిన ప్రసంగము)



సముద్రమెరుగని అనంతపురములో యుద్ధనౌకల మాట ఏమిటని కొందరు నవ్వవచ్చును. దేశములో జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడు జిల్లాగా మనది పేరుపడినది. అయినను 1946లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల మన ఊరిలోనే ఉన్నది. చదువు ముగించి విశాఖపట్నమునకు, నౌకాదళపు పనులకు వెళ్లగోరువారు ఈ కూటమిలోనే కూర్చున్నారు. వారి తలిదండ్రులు మమ్మును అడుగునది ఒక్కటే: "అయ్యగారూ, మావాడు అక్కడ చేసేదేమి?"

కంట్రోల్ సిస్టమ్స్ ఇంజనీరు అను పేరు పెద్దదే గాని, ఆ పని మూలము మన బోరుబావి దగ్గరనే ఉన్నది. మూడు ఫేజులలో ఒకటి పోయినచో స్టార్టరు డబ్బాలోని ప్రివెంటరు మోటారును ఆపివేయును. లేనిచో వైండింగు కాలిపోవును. ఓడలో అట్టి కాపుదలలు ఎన్నో. నూనె ఒత్తిడిని, నీటి వేడిని, టర్బైను వేగమును సెన్సార్లు కంప్యూటరుకు తెలుపుచుండగా అది వాల్వులను తెరచుచు మూయుచునుండును. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళమున చేరిన విక్రాంత్‌లో 2,000కు పైగా గదులు, నాలుగు గ్యాస్ టర్బైనులు ఉన్నవి. అన్నిటిని మనుష్యులే తిరిగి చూచుట అయ్యే పని కాదు.

ఇంతవరకు పంపుసెట్టు వలెనే. సీనియరు ఇంజనీరు భారము ఇక్కడ మొదలగును. నూనె ఒత్తిడి పడిపోయినచో యంత్రము ఆగవలెను, మంచి నియమమే. క్షిపణి వచ్చుచుండగా ఓడ పక్కకు తిరగవలసిన నిమిషములో అదే నియమము యంత్రమును ఆపినచో? యంత్రము మిగులును, మనుష్యులు మిగలరు. అందుచేత యుద్ధనౌకలలో 'బ్యాటిల్ ఓవర్‌రైడ్' అను మీట పెట్టుట కలదు. దానిని వేసినచో కొన్ని కాపుదలలు తొలగి, చెడిపోవు యంత్రము సైతము నడుచుచునే ఉండును. పైరు ఎండుచుండగా మన రైతు ప్రివెంటరును తప్పించి డైరెక్టు ఇచ్చుట మీరెరుగుదురు. (రీవైండింగు అంగడికి పోవుటయు ఎరుగుదురు.) రైతు ఆ నిమిషమందే నిర్ణయించుకొనును. ఓడలో ఏది తప్పించవచ్చును, ఏది ఎన్నటికిని తప్పించరాదు, మీట ఎవరి చేతిలో ఉండవలెను అనునవి ఏండ్ల ముందే వ్రాసి పెట్టవలెను. వ్రాసినవాడు ఆ దినమున ఓడలో ఉండడు.

1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ లోతు పరీక్షలో మునిగి 129 మంది చనిపోయిరి. పైపు విడి నీరు చొరబడగా విద్యుత్తు చెడి, రియాక్టరు తనంతట తానే ఆగియుండునని విచారణలో తలంచిరి. దానిని తిరిగి నడుపుటకు అప్పటి పద్ధతిలో చాలా సేపు పట్టెడిది. పైకి తేల్చవలసిన గాలి గొట్టములలో మంచు కట్టియుండునని తరువాతి పరీక్షలలో తెలిసెను. అట్లయినచో, రియాక్టరు కాపుదల తన పని తాను సరిగానే చేసినది! అదే సంవత్సరము అమెరికా నౌకాదళము 'సబ్‌సేఫ్' అను క్రమము పెట్టెను. సముద్రపు నీటిని ఆపవలసిన అతుకు బాగున్నదను నోటిమాట అందులో చెల్లదు. పరీక్ష కాగితము చూపవలెను. ఇది పరదేశపు సంగతి మాత్రమే కాదు. 2009 జూలై 26న మన విశాఖలో నీటిలోనికి దిగిన అరిహంత్ కూడ అణుశక్తితో నడుచునదే.

యుద్ధము తగునా అను ప్రశ్న పెద్దది. నేడు దాని జోలికి పోము.

తలిదండ్రులకు ఒక మాట. అధికార రహస్యముల చట్టము 1923 నుండి ఉన్నది. ఏ ఓడ మీద ఏ పరీక్ష చేయుచున్నారో మీ బిడ్డలు ఇంట చెప్పరు. పండుగకు వచ్చి మౌనముగా ఉన్నచో గర్వమనుకొనకుడి. ఓడ బయలుదేరు తేదీ దగ్గరపడి, పైవారు తొందరపెట్టుచుండగా, ఒక వాల్వు పరీక్ష మిగిలియున్నదని సంతకము పెట్టక వచ్చిన దినము కావచ్చును. ప్రమోషను ఏమాయెనని ఆ పూట అడగకుడి. ముందు అన్నము పెట్టుడి.