తల్లి భోజనము – బిడ్డ భావి ఆరోగ్యము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువది అయిదేండ్లు ఒక పల్లెలో గ్రంథాలయము నిలిచి యుండుట సామాన్య విషయము కాదు. పుస్తకములను కొనుట సులభము. వానిని కాపాడుట, ఏ పుస్తకము ఎవరి చేతికి పోయినదో లెక్క తప్పక వ్రాసి యుంచుట కష్టము. నేడు నేను ముచ్చటింపదలచినది ఆరోగ్య విషయము. అయినను, లెక్క వ్రాసి దాచు ఈ అలవాటునకును దానికిని దగ్గరి చుట్టరికము కలదు.

బిడ్డ గర్భమున నున్నప్పుడు తల్లి తిన్న ఆహారము, ఆ బిడ్డ ముసలితనము వరకును దాని ఆరోగ్యముపై ప్రభావము చూపుచుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ సంగతి తెలియుటకు ఒక పాత లెక్కల పుస్తకము తోడ్పడినది. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అను జిల్లా కలదు. అచ్చట 1911 మొదలుకొని మంత్రసానులును, ఇంటింటికి తిరుగు ఆరోగ్య సేవికలును పుట్టిన శిశువుల బరువును, ఏడాది నిండిన నాటి బరువును పుస్తకములందు వ్రాసి యుంచిరి. కొన్ని దశాబ్దముల తరువాత డేవిడ్ బార్కర్ అను వైద్యుడును ఆయన సహచరులును ఆ పుస్తకములను వెదకి తీసి, అందు వ్రాయబడిన మగశిశువులు పెరిగి పెద్దలైన పిమ్మట వారి గతి ఏమైనదో విచారించిరి. 1989లో ఫలితములను ప్రకటించిరి. పుట్టినప్పుడును, ఏడాది నాటికిని బరువు తక్కువగా నున్నవారిలో గుండెజబ్బుతో మరణించినవారు ఎక్కువగా నుండిరి.

దీనికి కారణమేమి? గర్భమున ఆహారము చాలనప్పుడు శిశువు దేహము ఉన్నదానిని మెదడునకు ముందుగా పంచి, తక్కిన అవయవములకు తగ్గించునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇన్సులిన్ రసము నిచ్చు క్లోమగ్రంథి, మూత్రపిండములు, కండరములు కొంత కొరతతోనే ఏర్పడును. అట్టి బిడ్డ పెరిగిన పిదప తిండి ఎక్కువై, కాయకష్టము తక్కువైనచో, మధుమేహము, రక్తపుపోటు త్వరగా పైబడును. పూనా చేరువ పల్లెలందు 1990ల మొదలు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందము తల్లులను, శిశువులను పరిశీలించినది. అచ్చటి శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలే. చూచుటకు బక్కగా నుండిరి. కండ తక్కువ, కాని కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. సన్నగా కనబడు మనవారికి చిన్న వయసులోనే చక్కెర వ్యాధి వచ్చుటకు ఇదియొక కారణమని ఆయన వాదము.

ఇక మన జిల్లా సంగతికి వత్తును. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మీరు వినియుందురు. 1918లో దక్షిణమున కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న ప్రయోగశాలగా దానిని ఆరంభించెను. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో నేటి పేరు పొందినది. ఆ సంస్థవారు 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు చేరువనున్న 29 గ్రామములలో ఒక పరిశీలన నడిపిరి. అవి మన రంగారెడ్డి జిల్లా గ్రామములే.

అంగన్‌వాడీ పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమై, దేశమంతట ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా వ్యాపించినది. అందుచేత ఆ రోజులలో పథకము చేరిన పల్లెలును, చేరని పల్లెలును పక్కపక్కనే యుండెను. ఆ 29లో పదునైదు గ్రామములందు గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా మిశ్రమముతో వండిన ఉప్మా ప్రతిదినము లభించినది. తల్లులకు దానివలన సుమారు 500 కేలరీల శక్తి, 20 మొదలు 25 గ్రాముల మాంసకృత్తులు. పిల్లలకు సుమారు 300 కేలరీలు, 8 మొదలు 10 గ్రాముల మాంసకృత్తులు. తక్కిన పదునాలుగు గ్రామములకు ఆ ఏర్పాటు అప్పటికి రాలేదు.

పుట్టిన బిడ్డల బరువులో కలిగిన భేదము స్వల్పమే. అంతటితో పుస్తకమును మూసివేసినచో కథ ముగిసెడిది. కాని పరిశోధకులు 2003 – 2005 నడుమ ఆ గ్రామములకు మరల వచ్చి, అప్పటికి 13 మొదలు 18 ఏండ్ల వయసు గల 1165 మంది పిల్లలను పరీక్షించిరి. ఎత్తు కొలిచిరి, రక్తము తీసి చూచిరి, నాడి పరీక్షించిరి. దేహస్థితిని ముందుగా తెలుపు ఇట్టి కొలతలనే జీవసూచికలందురు. మబ్బును చూచి వానను ఊహించినట్లు, వీనిని చూచి రాబోవు వ్యాధిని ఊహింపవచ్చును.

2008లో ప్రకటించిన ఫలితములు ఇవి. ఉప్మా లభించిన గ్రామముల పిల్లలు తక్కినవారికంటె సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా నుండిరి. ఇన్సులిన్ పనికి దేహము అడ్డుపడు గుణము వారిలో 20 శాతము తక్కువ. రక్తనాళముల బిరుసుదనము కూడ తక్కువగా నుండెను. రక్తపుపోటులో, రక్తమునందలి కొవ్వులలో మాత్రము స్పష్టమైన భేదము కనబడలేదు. గ్రామములను చీటీలు వేసి ఎన్నుకొనలేదు గనుక, ఈ భేదమంతయు ఉప్మా వలననే కలిగినదని ఘంటాపథముగా చెప్పరాదు. పరిశోధకులును అట్లు చెప్పలేదు. ఆ తరువాతి సంవత్సరములలో ఆ పిల్లలతో పాటు వారి తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడ చేర్చుకొని పరిశీలన కొనసాగించిరి. ఆ గ్రామముల యువకులు చదువులో కొంత ముందంజ వేసినట్లు కూడ తేలినది.

పరదేశములందు ఈ పరిశీలనను గూర్చి వైద్యులు చదువుచున్నారు. రక్తమిచ్చినది మాత్రము మన జిల్లా పల్లెవాసులు. వారి దేహముల వలన తెలిసిన సంగతి వారి భాషలో, వారి గ్రంథాలయములో చదువుటకు దొరకవలెను గదా! ఈ ప్రసంగమున నా ముఖ్యోద్దేశము అదియే.

ఇప్పుడు మన యిండ్ల సంగతి విచారింతము. చాల యిండ్లలో మగవారు, పిల్లలు, పెద్దలు తిన్న తరువాత మిగిలినదే కోడలి భోజనము. గర్భిణి ఎక్కువ తిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని భయపడు పెద్దలు ఇప్పటికిని కలరు. అంగన్‌వాడీ నుండి వచ్చిన గుడ్డును, పాలను ఇంటిల్లిపాది పంచుకొనుట కద్దు. దీని ఫలితము రక్తములో కనబడుచున్నది. 2019 – 21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమందలి గర్భిణులలో 52.2 శాతమునకు రక్తహీనత యున్నట్లు తేలినది. గర్భిణి రక్తమున హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో దానిని రక్తహీనత యందురు. అత్తగార్లకును, భర్తలకును నా మనవి ఒక్కటే: ఇంట గర్భిణి యున్నన్ని నాళ్ళు మొదటి విస్తరి ఆమెకు వేయుడు. ఆమె కొరకు వచ్చిన గుడ్డు ఆమెయే తినవలెను.

ఖర్చుతో కూడిన పదార్థములు అక్కరలేదు. జొన్నరొట్టె, తైదల అంబలి, కందిపప్పు, పెసలు, పల్లీలు, మునగాకు, తోటకూర, గుడ్డు, పాలు మన ఎరుకలోనివే. మందుబిళ్ళల విషయము కూడ చెప్పవలెను. గర్భిణికి 180 దినములు, కాన్పు తరువాత 180 దినములు ఇచ్చు బిళ్ళలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము కలదు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను వైద్యురాలు, ఈస్టు సారముతో అది నయమగునని 1931లో చూపెను. అందలి గుణము ఈ ఫోలిక్ ఆమ్లముదే. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మన తెలుగువాని కృషి ఫలమైన ఆ బిళ్ళను అటకమీద పడవేయుట న్యాయమా? మలము నల్లబడినదని భయపడి మానవలదు. అది ఇనుము వలన కలుగు సహజమైన మార్పు. టీతో మాత్రము వేసికొనరాదు. నిమ్మ, ఉసిరి వంటి పులుపు మేలు చేయును.

బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలే చాలును. తరువాత పాలతో పాటు మెత్తని పప్పన్నము, కూరలు, గుడ్డు అలవాటు చేయవలెను. గర్భము మొదలు రెండవ పుట్టినరోజు వరకు గల వేయి దినములు అన్నింటికంటె విలువైనవి.

అయితే, ఆ వేయి దినములు గడచిపోయిన మనవంటివారి మాట యేమి? నిరాశ పడనక్కరలేదు. సాగరు రహదారి వెంట పొలములు ప్లాట్లగుచున్నవి. నాగలి పట్టిన చేతులు కూర్చుండి చేయు పనులకు మారినవి. చిన్ననాటి కొరత యున్న దేహమునకు ఈ మార్పు మరింత అపాయము. కాబట్టి నడక మానరాదు. తెల్లన్నము తగ్గించి పప్పు, కూరగాయలు పెంచవలెను. దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదు. వయసు మళ్ళిన కొలది కండ తరుగును గనుక ముసలివారికి గంజి, చారన్నముతో సరిపెట్టక పప్పో, పెరుగో, గుడ్డో పెట్టవలెను. ముప్పదేండ్లు దాటినవారు ఏటేట రక్తపుపోటు, చక్కెర, నడుము కొలత చూపించుకొనుట మేలు.

చివరగా ఒక విన్నపము. ఆసుపత్రిలో ఇచ్చు తల్లీబిడ్డల కార్డును కాన్పు కాగానే పారవేయకుడు. బిడ్డ పుట్టినప్పటి బరువు, తల్లి హిమోగ్లోబిన్, వేసిన టీకాలు అందు కలవు. ఇంటి పట్టాదారు పుస్తకముతో పాటు దానిని కూడ భద్రపరచుడు. ఆ బిడ్డకు నలుబదియవ ఏట వైద్యుడు అడుగు ప్రశ్నకు జవాబు అందుండవచ్చును. అంగన్‌వాడీ కార్యకర్త వ్రాయు బరువుల లెక్కను తల్లులు తప్పక అడిగి తెలిసికొనవలెను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, నేడు గర్భమున నున్న శిశువులు ఇరువదియేండ్లు దాటిన యువతీయువకులై ఈ సభయందు కూర్చుందురు. వారు బలముగా, చదువరులుగా ఉండవలెనన్నచో నేటి రాత్రి వారి తల్లుల విస్తళ్ళలో ఏమి వడ్డింతురో చూడుడని నా మనవి.