కరాతెపే కొండ, మన రాక్షస గుళ్ళు



ములకలపల్లిలో ఒక పల్లెటూరి మాస్టారి పేరున జరిగే ఉపన్యాసమిది. అందుకని నేను చెప్పబోయే టర్కీ కథను కూడా ఒక మాస్టారి దగ్గరే మొదలుపెడతాను. 1946లో, ఆ దేశపు దక్షిణాన కాదిర్లి అనే ఊళ్ళో ఎక్రెమ్ కుష్చు అనే ఉపాధ్యాయుడు ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జర్మన్ ఆచార్యుడు బాసెర్ట్‌కు అడవిలో ఉన్న సింహపు రాయి దగ్గరికి దారి చూపాడు. కొండ జనానికి ఆ రాయి తెలుసు, చదువుకున్నవాళ్ళకే తెలియదు. ఆచార్యుడి బృందంలోని యువతి హాలెత్ చాంబెల్. అప్పటికి ఆవిడకు ముప్పై నిండలేదు.

చాంబెల్ 1916లో బెర్లిన్‌లో పుట్టారు. పారిస్‌లో పురావస్తుశాస్త్రం చదివారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కత్తిసాము పోటీలో దిగారు. ఆవిడా, సహచరి సూఆత్ ఆషేనీ ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి ముస్లిం మహిళలు. హిట్లర్‌ను కలుస్తారా అని అడిగితే కలవనన్నారు. ఆవిడ గురించి రాసేవాళ్ళు ఈ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోతుంటారు. నాకు మాత్రం ఆ తర్వాతి యాభై ఏళ్ళే ముఖ్యం.

ఆ సింహం ఉన్న కొండ పేరు కరాతెపే. క్రీ.పూ. 8వ శతాబ్దంలో అజతివద అనే పాలకుడు అక్కడ కోట కట్టాడు. ద్వారాల దగ్గరి రాళ్ళ మీద ఒకే శాసనం రెండు భాషల్లో చెక్కించాడు. ఒకటి పండితులు చదవగలిగిన ఫినీషియన్, రెండోది అరకొరగానే అర్థమవుతూ వచ్చిన లువియన్ బొమ్మలిపి. మొదటిదాన్ని పక్కన పెట్టుకుని రెండోదాన్ని విప్పారు. అందులో అజతివద చెప్పుకున్న గొప్ప ఒకటుంది: మగవాళ్ళే నడవడానికి జంకిన దారుల్లో తన పాలనలో ఆడవాళ్ళు కదుళ్ళు పట్టుకుని నిర్భయంగా నడుస్తున్నారట. ఎంత నిజమో గానీ, ఆ రాయి కోసం బతుకు ధారపోసింది ఒక ఆడమనిషే.

శిల్పాలు ముక్కలై పడి ఉన్నాయి. వాటిని మ్యూజియానికి తరలించాలని ప్రభుత్వం అనుకుంది. చాంబెల్ ఒప్పుకోలేదు. ఏ ముక్క ఏ గోడదో తేల్చి, అతికించి, అక్కడే నిలబెట్టాలన్నారు. ఓపిక తప్ప మరో దారిలేని పని అది. వానకీ ఎండకీ కాపుగా కాంక్రీటు కప్పులు వేయించారు. ఆ పని దగ్గరుండి చేయించింది భర్త నాయిల్ చాకిర్‌హాన్. ఆయన కవి. వాస్తుశిల్పంలో పట్టా లేకుండానే 1983లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం అందుకున్నాడు. అలా టర్కీలో తొలి ఆరుబయలు మ్యూజియం వెలిసింది. తర్వాత జేహాన్ నది మీద ఆనకట్ట తలపెడితే, పురాతన స్థలాలు మునిగిపోకుండా నీటిమట్టం తగ్గించమని చాంబెల్ పట్టుబట్టి సాధించారు. 2014లో 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన దగ్గర ఈ కథ మరోలా నడిచింది. నాగార్జునకొండలో ఆనకట్ట నీళ్ళు తరుముకొస్తుంటే 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదికి, అనుపుకు చేర్చారు. తవ్వినవాళ్ళను తప్పుపట్టను, అంతకన్నా వ్యవధి లేదు. కానీ లోయ పోయింది. ఇప్పుడు పోలవరం ముంపులో వేలేరుపాడు మండలం రుద్రమకోట ప్రాచీన సమాధుల వంతు వచ్చింది.

ఇక మీ జిల్లా సంగతి. పినపాక మండలం జానంపేటలో మీరు రాక్షస గుళ్ళనే బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ వాటిని రక్షిత స్థలంగా ప్రకటించింది. గుండాల వైపు దొంగతోగు దగ్గర మనిషి రూపంలో చెక్కిన నిలువురాళ్ళు అడవిలోనే ఉన్నాయి. ఇలాంటి రాళ్ళకు గుప్తనిధుల పిచ్చివాళ్ళ గునపాలు ఒక గండం, మట్టి తవ్వే పొక్లెయిన్లు మరొకటి. మీ మండలంలోనే పూసుగూడెం పంపుహౌసుకూ సీతారామ కాలువకూ ఎంత నేల తవ్వారో మీరు చూశారు. నీళ్ళు రావాల్సిందే, నేను కాదనను. తవ్వేముందు నేలను ఒకసారి చూడమంటున్నాను, అంతే.

పిల్లలూ, మీ చేనుగట్టున గానీ అడవిదారిలో గానీ వింతగా పేర్చిన బండలు కనిపిస్తే కదిలించకండి. ఏ ఊరు, ఏ వాగు పక్కన, ఎన్ని బండలు, పెద్దవాళ్ళు వాటినేమంటారు, ఇవన్నీ నోటుపుస్తకంలో రాసి మీ మాస్టారికివ్వండి. మాస్టార్లూ, ఆ కాగితాన్ని బీరువాలో పెట్టకుండా పురావస్తు శాఖకు పంపండి.