నాటిన పుటికకు నెత్తురు అందాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీవశాస్త్రం క్లాసులో ‘లాంగర్‌హాన్స్ పుటికలు’ అని మనమంతా బట్టీపట్టినవాళ్ళమే. క్లోమంలో దీవుల్లా కనిపించే ఆ కణాల గుంపులను 1869లో వర్ణించిన పాల్ లాంగర్‌హాన్స్ అప్పటికి బెర్లిన్‌లో వైద్య విద్యార్థి. అవి ఏం చేస్తాయో ఆయనకు తెలియదు. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడేనని లోకానికి తర్వాత తెలిసింది.

నేను డాక్టర్ని కాను, మంచినీటి పథకాల ఇంజినీరుని. అయినా ఈ విషయం ఎంచుకున్నానంటే, ఇందులోని చిక్కు మా వృత్తిలో రోజూ చూసేదే కాబట్టి.

టైప్-1 మధుమేహంలో శరీర రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. చాలాసార్లు ఇది చిన్న వయసులోనే మొదలవుతుంది. మరణించిన దాత క్లోమం నుంచి పుటికలు తీసి రోగికి ఎక్కిస్తే? కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షపీరో బృందం ఆ పని చేసింది. కాలేయానికి వెళ్ళే పెద్ద సిర ద్వారా పుటికలను పంపారు. ఏడుగురు రోగులకూ ఇన్సులిన్ సూదులు అక్కర్లేకపోయాయని 2000లో ప్రకటించారు. అయితే ఒక్కొక్కరికి కనీసం ఇద్దరు దాతల పుటికలు కావలసివచ్చాయి. తర్వాత ఎక్కువ మందిని ఐదేళ్ళు గమనిస్తే, ఇన్సులిన్ లేకుండా మిగిలినవారు పదిమందిలో ఒక్కరే.

కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి రక్త సరఫరా. క్లోమం బరువులో పుటికల వంతు ఒకటి రెండు శాతమే. కానీ దానికి అందే రక్తంలో 10 శాతం దాకా అవే తీసుకుంటాయి. దాత క్లోమం నుంచి వేరుచేసేటప్పుడు ఆ రక్తనాళాలు తెగిపోతాయి. కొత్తచోట నాళాలు మొలిచి కలవడానికి సుమారు రెండు వారాలు. అంతవరకు ఆక్సిజన్ బయటినుంచి ఊరి లోపలికి చేరాలి. అలా అది మిల్లీమీటరులో పదోవంతు, రెండు వంతుల దూరమే పోగలదు. పెద్ద పుటికల నడిమి కణాలు ఊపిరాడక చనిపోతాయి.

కాలనీ కట్టి తాళాలు ఇచ్చేశాం, మెయిన్ పైపు మాత్రం కలపలేదు. ట్యాంకర్ వచ్చినా గేటు దగ్గర ఆగిపోతుంది, వెనక వీధుల బిందెలు ఖాళీగానే ఉంటాయి. ఇదీ అంతే.

ఆక్సిజన్ తగ్గినప్పుడు బీటా కణాలే ఒక ప్రోటీన్ విడుదల చేసి రక్తనాళాలను తమవైపు పిలుచుకుంటాయి. ఆ పిలుపుకు సాయం చేయాలని శాస్త్రవేత్తల ప్రయత్నం. రక్తనాళాల లోపలి పొర కణాలను పుటికలతో కలిపి నాటడం ఒక దారి. షపీరో బృందమే ఎలుకల్లో ఇంకొకటి చూపింది. చర్మం కింద సన్నని గొట్టం కొన్ని వారాలు ఉంచితే చుట్టూ నాళాలు అల్లుకుంటాయి. అప్పుడు గొట్టం తీసి ఆ ఖాళీలో పుటికలు నాటారు. ముందు పైపులైను, తర్వాత ఇళ్ళు!

2023లో అమెరికా దాతల పుటికల చికిత్సకు కొందరు పెద్దవారి విషయంలో అనుమతి ఇచ్చింది. దానికి రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూనే ఉండాలి. కనుక ‘షుగర్ శాశ్వతంగా పోతుంది’ అన్న మాట నమ్మి పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

గురువులకు ఒక మనవి. టైప్-1 ఉన్న పిల్లవాడు పాఠం మధ్యలో చెమటలు పట్టి వణికితే వెంటనే పంచదార ఇవ్వండి, ఒంటరిగా బయటికి పంపకండి. మన సంఘానికి ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవ గుర్తుగా బడిలో ఇన్సులిన్ దాచే చిన్న ఫ్రిజ్, గ్లూకోజ్ ప్యాకెట్లు, రక్తపరీక్ష మీటరు ఏర్పాటు చేద్దాం.