ఊరవతలి చెత్త: లండన్ నుంచి జవహర్‌నగర్ దాకా

విక్టోరియా రాణి కాలపు లండన్‌లో కూలీల వాడలకు పాయఖానా గుంతలే మురుగుకాలువలు. వీధికంతటికీ ఒక పంపు, దానికి పక్కనే గుంత. ఆ మురికే కూలీల ఆయుష్షును హరిస్తోందని 1842లో సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ నివేదిక చాటింది. కానీ రోగం దుర్వాసన వల్ల వస్తుందని ఆయన నమ్మకం. 1854లో సోహో ప్రాంతంలో కలరా పది రోజుల్లో దాదాపు 500 మందిని బలిగొన్నప్పుడు డాక్టర్ జాన్ స్నో ఇంటింటా విచారించి, మృతుల్లో ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లే తాగారని తేల్చాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు.

1858 వేసవిలో థేమ్స్ కంపు పార్లమెంటు భవనాన్ని ముంచెత్తాక ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ భూగర్భ కాలువలకు డబ్బు మంజూరైంది. కలరా చివరిసారి 1866లో విజృంభించింది, అదీ ఆ పని పూర్తికాని తూర్పు వాడల్లో. అయితే మురుగు శుద్ధి కాలేదు, దిగువకు తరలిందంతే. 1878లో 'ప్రిన్సెస్ ఆలిస్' ఓడ ఆ మురుగు నదిలో కలిసే చోటికి దగ్గర్లోనే మునిగి 600 మందికి పైగా చనిపోయారు. నదిలో వదిలే ముందు మురుగులోంచి మడ్డిని వేరుచేసే ఏర్పాట్లు ఆ తర్వాతి ఏళ్లలోనే వచ్చాయి.

హైదరాబాద్‌కు పారిశుద్ధ్య పాఠం 1908 మూసీ వరదతో మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు మురుగునీటి పథకమూ సూచించారు. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు వాడలు తొలగించి వెడల్పు వీధులు వేసింది. ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నల్లకుంటలోని అంటురోగాల ఆసుపత్రిని జనం ఇప్పటికీ కోరంటి (క్వారంటైన్) దవాఖానా అనే పిలుస్తారు.

నగరం పెరిగాక దాని చెత్త ఉత్తరానికి, నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు చేరింది. శామీర్‌పేటకు దక్షిణాన ఉన్న జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు రోజూ వేల టన్నులు వస్తాయి. తడి చెత్త, పొడి చెత్త కలిసి కుళ్లి, వాన నీటితో లీచెట్ అనే నల్లటి ఊటగా దిగుతుంది. అది మల్కారం చెరువును, చుట్టుపక్కల బోర్లను పాడుచేసింది. దమ్మాయిగూడ దాకా కంపు కొడుతుంది. వాన నీరు లోపలికి దిగకుండా పాత గుట్టకు మట్టితో, ప్లాస్టిక్ పొరతో క్యాపింగ్ చేశారు. 2020లో 19.8 మెగావాట్ల చెత్త విద్యుత్ కేంద్రం వచ్చింది. తడి చెత్త కలిస్తే మంట వేడి తగ్గుతుంది. కాబట్టి ఈ కేంద్రం బాగా నడవాలన్నా చెత్త వేరుచేయడం ఇంటి గడప దగ్గరే మొదలు కావాలి.

ఇదే జిల్లాలో, శామీర్‌పేట పక్కన, టీకాలు తయారుచేసే జీనోమ్ వ్యాలీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అక్కడి భారత్ బయోటెక్‌దే. పసిపిల్లలకు వేసే రోటావైరస్ టీకా కూడా ఆ సంస్థ తయారుచేస్తుంది. రెండూ మలం ద్వారా వ్యాపించే రోగాలను అడ్డుకునేవే. టీకా ఒక రోగం నుంచి ఒక మనిషిని కాపాడుతుంది. మంచి నీరు, మూసిన కాలువ, చెత్త ఊట శుద్ధి కలిసి ఊరంతటినీ అనేక రోగాల నుంచి కాపాడతాయి. ఒకటి ఉందని రెండోది మానకూడదు.

మురికిని ఒకరి వాకిట్లోంచి మరొకరి వాకిట్లోకి తోయడం పారిశుద్ధ్యం కాదు. చెత్త పుట్టిన చోటే వేరు కావాలి, తడి చెత్త ఏ వార్డుది ఆ వార్డులోనే ఎరువు కావాలి, జవహర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ల బోరు నీటిని క్రమం తప్పక పరీక్షించి ఫలితాలు ఆ ప్రజలకే చెప్పాలి. నగరం శుభ్రతకు మూల్యం చెల్లిస్తున్నవారికి నగరం చెల్లించాల్సిన కనీస బాకీ ఇది.