షుగరు ఉన్నవారి కాళ్లు – ఇంటివారి కళ్లు

రోగుల బంధువులారా, ఈ నాలుగు మాటలు మీకోసమే.

షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు దిగినా, నిప్పు తగిలినా రోగికి తెలియదు. ‘నొప్పి లేదు కదా’ అనుకోవడమే అసలు ప్రమాదం. అందుకే మీరు చూడాలి.

రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురులో పరిశీలించండి. కాళ్లు కడిగే నీటి వేడిని ముందు మీ మోచేతితో చూడండి. సందులు తడి లేకుండా తుడవండి. పాదాలకు కొబ్బరినూనె రాయండి. సందుల్లో మాత్రం వద్దు. ఆనెలను బ్లేడుతో కోయకండి, జిల్లేడు పాలు పెట్టకండి. మన బొబ్బిలి పొలం గట్ల మీదే కాదు, ఇంట్లోనూ చెప్పులు వేసుకోమనండి. వేసుకునే ముందు లోపల రాయి ఉందేమో దులపండి. చలిమంట దగ్గర కాళ్లు కాచుకోనివ్వకండి.

పుండు, బొబ్బ, వాపు, నలుపు ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ఈరోజు కట్టుతో మానే పుండు, ఆలస్యమైతే కాలినే తీసేయాల్సిన స్థితి తెస్తుంది.