సంకటంలో మొక్కని మనిషి



హిట్లర్ అరవై లక్షల మంది యూదుల్ని చంపించాడని సోషల్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనమంతా. నిర్బంధ శిబిరాల నుంచి బతికొచ్చినవాళ్ల సంగతి మాత్రం మనం చదువుకోలేదు. వాళ్లలో చాలామందికి దేవుడి మీద నమ్మకం పోయింది. ఈ పూట ఆ సంగతి మాట్లాడతాను.

సంకటం వస్తే వెంకటరమణ అంటాం మనం. కష్టం మనిషిని దేవుడి దగ్గరికి తోస్తుందని మన లెక్క. ఆష్విట్జ్‌లో ఆ లెక్క అందరికీ కుదరలేదు.

ప్రీమో లెవీ ఇటలీలోని ట్యూరిన్ వాడు, కెమిస్టు. 1944 ఫిబ్రవరిలో ఆష్విట్జ్ చేరేనాటికి 24 ఏళ్లు. నమ్మకం లేకుండానే లోపలికి వెళ్లాడు. అక్కడ ఖైదీల చేత సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీ కట్టించారు. వేలమంది ప్రాణాలు పోయాయి గానీ ఒక్క కిలో రబ్బరు రాలేదు. (ఆ మాట చదివాక నాలాంటి ఇంజనీరు కాసేపు పుస్తకం మూసేస్తాడు.) ఆ అక్టోబరులో గ్యాస్‌కి ఎవరిని పంపాలో ఏరడానికి ఖైదీల బట్టలు విప్పించి వరసలో నిలబెట్టారు. తన వంతు కోసం చూస్తూ ఉండగా లెవీకి ఒక్క క్షణం ప్రార్థించాలనిపించింది. ప్రార్థించలేదు. నమ్మని దేవుణ్ణి భయంతో పిలవడం, తన నిజాయితీకే కాదు, నమ్మేవాళ్ల దేవుడికి కూడా అపచారం అనుకున్నాడు.

ఆ రాత్రి ఒక ముసలాయన, తనను ఏరనందుకు దేవుడికి గట్టిగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాడు. పక్క మంచం మీద ఇరవై ఏళ్ల గ్రీకు కుర్రాడు దీపం వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. ఎల్లుండి పోవలసినవాడు. తన వంతేమిటో ఆ కుర్రాడికి తెలుసు. లెవీకి ఆ ప్రార్థన మీద పట్టరాని కోపం వచ్చింది. యుద్ధమయ్యాక ఒక భక్తుడైన స్నేహితుడు, నువ్వు బతకడం దైవసంకల్పమే అన్నాడు. ఆ మాట కూడా లెవీకి ముల్లులా గుచ్చుకుంది. తనకంటే మంచివాళ్లు పోయారే! బస్సు బోల్తాపడి ముప్ఫై మంది పోయి ఒకరు మిగిలితే, దేవుడి దయ అంటాం. మిగతా ముప్ఫై ఇళ్లలో ఆ మాట ఎలా వినబడుతుందో నేనైతే లెవీని చదివాకే ఆలోచించాను.

ఎలీ వీజెల్‌ది ఇందుకు పూర్తిగా తిరగబడ్డ కథ. ట్రాన్సిల్వేనియాలోని సిఘెట్ ఊళ్లో మతగ్రంథాల్లో మునిగి పెరిగిన పిల్లాడు. పదిహేనేళ్లకే తండ్రితో పాటు ఆష్విట్జ్ చేరాడు. మొదటి రాత్రే చుట్టూ ఉన్నవాళ్లు తమకు తామే మృతుల ప్రార్థన చదువుకుంటుంటే వాడిలో తిరుగుబాటు లేచింది. పరమ పవిత్రమైన ఉపవాసం రోజున కావాలనే అన్నం తిన్నాడు. అయినా యుద్ధం తర్వాత ప్రార్థన మానలేదు. దేవుడితో తనది తగువే గానీ తెగతెంపులు కాదన్నాడు. శిబిరంలో పండితులు దేవుడి మీద విచారణ జరిపి దోషి అని తేల్చి, ఆ వెంటనే సాయంత్రం ప్రార్థనకు లేచారని చెప్పేవాడు. 1979లో దాని మీద నాటకమే రాశాడు.

రీవ్ రాబర్ట్ బ్రెన్నర్ అనే యూదు మతగురువు ఇజ్రాయెల్‌లో ఇలా బతికొచ్చినవాళ్లను వందలమందిని అడిగి 1980లో పుస్తకం వేశాడు. నమ్మకం పోయినవాళ్లూ ఉన్నారు, పోయి తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు, అంతకుముందు లేని నమ్మకం శిబిరంలో పుట్టినవాళ్లూ ఉన్నారు. ఎవరిది ధైర్యం, ఎవరిది బలహీనత అని తూచే తక్కెడ నా దగ్గర లేదు.

ఇందాక చెప్పిన మృతుల ప్రార్థన పేరు కద్దిష్. తల్లిదండ్రులు పోయిన తిథికి ఏటా చదవాలి. శిబిరంలో పోయినవాళ్లకు సమాధీ లేదు, తిథీ తెలియదు. తిథి తెలియనివారికి మనం మహాలయ అమావాస్య నాడు పెట్టుకున్నట్టే, ఇజ్రాయెల్ మతపెద్దలు వాళ్ల పంచాంగంలో తేవేత్ నెల పదో రోజును కేటాయించారు. ఆ ప్రార్థనలో చావు అన్న మాటే ఉండదు, మొదటి నుంచి చివరిదాకా దేవుడి స్తోత్రమే. నమ్మకం పోయిన కొడుకు తండ్రి కోసం లేచి ఆ స్తోత్రం చదవాలి. కొందరు చదివారు. కొందరు నోరు విప్పలేక ఊరికే నిలబడ్డారు.