చిన్న కొమ్మ చేసే పని
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్రాలలోని శాఖోపశాఖలను గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు ఆదేశించారు. “ఇన్ని శాఖలెందుకు? ఒక్కొక్కరు ఒక్కొక్క పుల్ల పట్టుకొని కూర్చుంటే లోకానికి ఒరిగేదేమిటి?” అని మనలో చాలామందికి సందేహం. దానికి సమాధానం మన కోయంబత్తూరులోనే ఉన్నది.

వృక్షశాస్త్రం మహావృక్షం. కొత్త వంగడాలు పుట్టించే విద్య అందులో ఒక కొమ్మ. చెరకు వంగడాల విద్య ఆ కొమ్మకు చిన్న రెమ్మ. ఆ రెమ్మ కోసమే 1912లో ఇక్కడ ఒక కేంద్రం వెలిసింది. బార్బర్ దొరగారూ, టి.ఎస్. వెంకట్రామన్‌గారూ అక్కడ చేసిందేమిటి? ఏ రైతూ చేలో ఉండనివ్వని రెల్లుగడ్డిని తెచ్చి చెరకుతో సంకరం చేశారు. చెరకునుంచి తీపీ, రెల్లునుంచి ఓర్పూ వచ్చాయి. 1918లో ఆ సంకరంనుంచి వచ్చిన కో 205 రకం పంజాబు పొలాలకు వెళ్ళింది. కలుపు అనుకొన్నదే బలమైంది!

భాషాశాస్త్రంలోనూ ఇటువంటి చిన్న శాఖ ఒకటున్నది: మాండలిక పరిశీలన. ఏ ఊళ్ళో ఎవరు దేనిని ఏమంటారన్నదే దానికి ముఖ్యం. కోస్తాలో గేదె, రాయలసీమలో ఎనుము, తెలంగాణలో బర్రె. ఈ మాటలను పటంమీద గుర్తిస్తూ పోతే, ఏ జనం ఎటునుంచి ఎటు కదిలారో కూడా కొంత తెలియవస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ పద్ధతిలోనే రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువరించారు. 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది.

అయితే ఆ కృషి ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో జరిగింది. అంతకుముందు గ్రియర్సన్ దొరగారి భారత భాషల సర్వే మద్రాసు రాజధానిని చేర్చుకోనేలేదు. అంటే కోయంబత్తూరు, మదుర ప్రాంతాల తెలుగు పల్లెలు ఆ రెండు పెద్ద వలలలోనూ పడలేదన్నమాట.

ఇక్కడ తరతరాలుగా స్థిరపడినవారి తెలుగు వేరు; నిన్నమొన్న ఉద్యోగాలకు వచ్చినవారి తెలుగు వేరు. కొత్తవారు విని, “ఇదీ తెలుగేనా?” అని నవ్వుతారు. వారికి అదొక వేళాకోళం. కాని ఆ నవ్వు విన్న పిల్లవాడు మరునాటినుంచి అవ్వతో తమిళంలోనే బదులు చెబుతాడు. అవ్వ మాట అవ్వతోనే పోతుంది.

నవ్వేవారికి ఒక మనవి. ‘రాయవాచకము’ అనే వచన గ్రంథం మదుర నాయకుల కొలువులో పుట్టినదని, 1993లో దానిని ఆంగ్లంలోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్ వాదించారు. అది వాడుకకు దగ్గరైన తెలుగు. వాడుకమాట ఈ నేలకు కొత్త కాదు.

సిగ్గుపడేవారికి మరొక మనవి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్‌గారు ఆ నల్లరేగడి నేలలోని తమిళ పల్లెమాటలకు పదకోశం కూర్చారు. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. తెలుగింటి బిడ్డ తమిళానికి చేసిన పని, మనం తెలుగుకు చేయలేమా?

ఈ ఏడాది ఇంటికొక నోటుపుస్తకం పెట్టండి. వంటింటి మాటలు, పొలం మాటలు, మగ్గం మాటలు, వరుసలు — అన్నీ వ్రాయండి. చెప్పినవారి ఊరూ, వయస్సూ పక్కన వేయండి. విన్నది విన్నట్లే వ్రాయండి, దిద్దకండి. తెలుగు లిపి రాని పిల్లలు తమిళ లిపిలో వ్రాసినా సరే. అయితే అందులో క, గ లకు ఒకటే అక్షరం గనుక, చేతిఫోనులో అవ్వ గొంతు కూడా పట్టి ఉంచండి.

రెల్లు విలువ రైతుకు తెలియలేదు. దానికోసం ఒక చిన్న శాఖ పుట్టవలసి వచ్చింది. మన ఇంటి మాట విలువ తెలిసిన శాఖ ఇప్పటికే ఉన్నది. దానికి కావలసిన సరుకు మాత్రం మన అవ్వల దగ్గరే ఉన్నది.